మిస్త్రీ సంచిలో రెండో మగ్గు

మహబూబ్ ఫోన్ చేసినప్పుడు నేను మంచానికి నవారు బిగిస్తున్నాను.

"అన్నా, మన మిస్త్రీ చాచా ఇగ లేడే" అన్నాడు. "నిన్న పొద్దుగాల సచ్చిపోయిండంట. ఇంటి ఓనరు నాకు ఫోన్ జేసిండు. గోడ మీద బొగ్గుతోని నా నంబరొక్కటే రాసి ఉన్నదంట."

నవారు వదిలేసి నేల మీద కూర్చున్నాను. మిస్త్రీకి ఎనభై దగ్గర పడి ఉంటాయి. ఆ వయసులో మనిషి పోవడం అన్యాయమేమీ కాదు. అన్యాయాలన్నీ అంతకు చాలా ముందే జరిగిపోయాయి.

ఆయన పేరు ఇక్కడ రాయను. ఆ పేరు ఒకసారి పోలీసు కాగితాలకు ఎక్కి ఆయన్ని నాశనం చేసింది. రెండోసారి నా చేత్తో కాగితం ఎక్కించను. నాకు అక్షరాలు యాభై దాటాక వచ్చాయి. కష్టపడి నేర్చుకున్నవి కాబట్టి వాటిని ఎక్కడ వాడాలో, ఎక్కడ వాడకూడదో నాకు తెలుసనే అనుకుంటాను. దోహాలో మేమంతా ఆయన్ని మిస్త్రీ అనేవాళ్ళం. అది చాలు.

కువైట్ యుద్ధం చల్లబడ్డాక నేను ఖతర్ వెళ్ళాను. మా జగిత్యాల వైపు ఊళ్ళో అడిగితే ఇప్పటికీ నేను దుబాయ్‌లో పనిచేశాననే చెప్తారు. దోహా ఊరవతల సనయ్య అనే కార్ఖానాల పేటలో ఒక వడ్రంగి దుకాణం. అందులో మిస్త్రీ తలుపులు, బల్లలు చేసేవాడు, నేను వార్నిష్ పూసేవాణ్ణి, మెట్‌పల్లి మహబూబ్ పికప్ నడిపేవాడు. ముగ్గురికీ దోహాలోనే ఉమ్ ఘువైలినా పేటలో ఒక పాత బిల్డింగులో ఒకటే రూమ్. మాటలన్నీ హిందీలోనే సాగేవి. కానీ ఇన్నేళ్ళకు మిస్త్రీ మాటలు నాకు నా భాషలోనే గుర్తున్నాయి, అందుకని అలాగే రాస్తున్నాను.

మిస్త్రీ ముఖం చూస్తే ఎవరికైనా ఒకటే అనుమానం. సన్నటి కళ్ళు, చదునైన ముక్కు, గడ్డం మీద నాలుగు వెంట్రుకలు. ఫిలిప్పీన్ వాళ్ళు ఆయన్ని తమ భాషలో పలకరించేవాళ్ళు, నేపాలీలు తమ భాషలో. దుకాణానికొచ్చిన అరబ్బులు "సీనీ?" అనేవాళ్ళు, అంటే చైనావాడివా అని. ఆ ఒక్క ప్రశ్నకు మాత్రం చెక్క నున్న చేసే రంద ఆపేసి నిలబడేవాడు. గుండెల మీద చెయ్యి పెట్టుకుని "అనా హిందీ" అనేవాడు. నేను ఇండియావాణ్ణి అని. వాళ్ళు నవ్వేవాళ్ళు. పాస్‌పోర్టు కఫీల్ దగ్గర, అంటే వీసా ఇచ్చిన యజమాని దగ్గర, ఉండేది కాబట్టి దాని జిరాక్సు చొక్కా జేబులోంచి తీసి, మడతలు విప్పి చూపించేవాడు. ఎవరూ అడక్కపోయినా చూపించేవాడు. మడతల దగ్గర ఆ కాగితం చిరిగి టేపు అతికించి ఉండేది.

అబద్ధమేమీ కాదు. ఆయన తాత ఎప్పుడో తెల్లదొరల కాలంలో టీ తోటల పనికి చైనా నుంచి అస్సాం వచ్చాడు. తండ్రి అక్కడే పుట్టాడు, ఈయనా అక్కడే పుట్టాడు. తల్లి ఆ ప్రాంతపు మనిషే, తోటలో ఆకు కోసేది. మిస్త్రీ చైనా నేల మీద కాలు పెట్టింది లేదు.

ఆయన అలవాట్లు చెప్పాలి. రూమ్ దాటి ఎక్కడికెళ్ళినా కింద కూర్చునే నాతూర్‌కు చెప్పి వెళ్ళేవాడు. నాతూర్ అంటే బిల్డింగు కాపలా మనిషి, పెషావర్ వైపు ముసలాయన. శుక్రవారం కూరగాయలకు వెళ్ళాలన్నా సరే, ముందు ఆయన ముందు నిలబడి, "మార్కెట్ పోతున్న, మధ్యాహ్నం నమాజు లోపల వస్త, నాతోని మహబూబ్ ఉంటడు" అని అప్పజెప్పినట్టు చెప్పేవాడు. వచ్చాక మళ్ళీ కనబడి "వచ్చిన" అనేవాడు. మొదట్లో నాతూర్ బిత్తరపోయాడు. "నువ్వు ఎటు పోతే నాకేంది బాబా?" అన్నాడు. కొన్నాళ్ళకు ఆయనకూ అలవాటై, "మంచిది, పోయి రా" అని చెయ్యి ఊపడం మొదలుపెట్టాడు.

మహబూబ్ ఊరుకుంటాడా? "చాచా, బాత్‌రూమ్ పోతున్నవు, నాతూర్‌కు చెప్పినవా?" అనేవాడు.

"చెప్పిన. జల్ది రమ్మన్నడు. నా ఎనక నువ్వు లైన్ల ఉన్నవంట" అనేవాడు మిస్త్రీ, నవ్వకుండా.

రెండోది, సంచి. ఆయన మంచం కింద తలవైపు ఒక ఖాకీ గుడ్డ సంచి ఎప్పుడూ కట్టి సిద్ధంగా ఉండేది. ఒక దుప్పటి, ఒక జత బట్టలు, ఉప్పు పొట్లం, రెండు సత్తు మగ్గులు. ఒకటి మామూలుది, ఒకటి చిన్నది, పిల్లలు పట్టుకునేంత. నెలకొకసారి సంచి విప్పి, దుప్పటి ఎండకు వేసి, మగ్గులు తోమి, మళ్ళీ కట్టేవాడు. ఆ మగ్గులతో ఎవర్నీ నీళ్ళు తాగనిచ్చేవాడు కాదు.

"ఎవరి కోసం చాచా రెండోది? ఊళ్ళె పెండ్లాం ఉన్నదా ఏంది?" అని మహబూబ్ అడిగితే, "పెండ్లాం ఉంటే నీ మొకం జూసుకుంట ఇక్కడ ఎందుకు పండుకుంట?" అని తప్పించుకునేవాడు.

మూడోది, క్యాంప్ అన్న మాట ఆయన నోట వచ్చేది కాదు. గల్ఫ్‌లో ఆ మాట లేకుండా పూట గడవదు. ఏ క్యాంప్, ఎంతమంది క్యాంప్, క్యాంప్‌లో కరెంటుందా, ఇదే ముచ్చట. మిస్త్రీ మాత్రం "వాళ్ళుండే జాగ" అనేవాడు. ఒకసారి పెద్ద కంపెనీలో ఎక్కువ జీతానికి పని దొరికింది. కానీ క్యాంప్‌లో ఉండాలన్నారు. ఆయన వెళ్ళలేదు. మేం పిచ్చోడనుకున్నాం.

అదంతా ఎందుకో దోహాలోనే మదీనత్ ఖలీఫా అనే పేటలో తెలిసింది. అక్కడొక విల్లాలో బెజవాడ వైపు ఇంజనీరుగారి కుటుంబం ఉండేది. పిల్లవాడి గదికి కొత్త తలుపు బిగించడానికి వెళ్ళాం. తలుపు బిగించి, లోపల గడియ పెట్టి, మిస్త్రీ సామాను సర్దుకుంటున్నాడు. ఇంజనీరుగారి భార్య వచ్చి చూసింది.

"బయట కూడా ఒక గొళ్ళెం పెట్టమనవయ్యా" అంది నాతో. "మావాడు మాట వినకపోతే ఓ పది నిమిషాలు లోపల కూర్చోబెడదాం."

నేను హిందీలో చెప్పాను. మిస్త్రీ తలెత్తలేదు. "బయట గడియ పెట్టను" అన్నాడు.

"ఏవిటంటాడు?"

"పెట్టడంటమ్మా."

"అదేం చాదస్తం? పని చేయించుకునేది మేం కదా! దొంగతనం చెయ్యమన్నానా, గొళ్ళెం పెట్టమన్నాను. అడుగు మళ్ళీ."

మిస్త్రీ స్క్రూడ్రైవర్ సంచిలో వేసుకుని లేచాడు. "వేరే మిస్త్రీని పిలుచుకోమను. తలుపుకు పైసలు గూడ ఇయ్యొద్దను" అన్నాడు. బిగించిన తలుపును బార్లా తెరిచి పట్టుకున్నాడు. ఆమె అది చూసింది. లోపలికి వెళ్ళి మా ఇద్దరికీ మజ్జిగ తెచ్చిచ్చింది.

తిరిగొచ్చేటప్పుడు పికప్‌లో నేనే అడిగాను, గొళ్ళెంతో నీకేం పగ అని. రోడ్డు వైపు చూస్తూ ఆగకుండా చెప్పాడు.

చైనా యుద్ధం వచ్చిన ఏడాది. ఆయనకు ఇరవై ఉంటాయి. తల్లి అప్పటికే లేదు. తండ్రి, తను, ఏడేళ్ళ చెల్లెలు. సొంత కట్టెకోత మిల్లు, చెక్క ఇల్లు. ఒకరోజు పోలీసులొచ్చి, మీ మంచికే, నాలుగు రోజుల బట్టలు తీసుకుని రండి అన్నారు. వీళ్ళు నాలుగు రోజుల బట్టలే తీసుకున్నారు. ఆ బస్తీలో చైనా ముఖమున్న వాళ్ళందర్నీ రైలెక్కించి, దేశానికి ఇంకో కొసన ఉన్న రాజస్థాన్ ఎడారిలో తీగల కంచె వేసిన క్యాంప్‌లో పెట్టారు. దారిలో స్టేషన్లలో జనం రాళ్ళు పట్టుకుని నిలబడ్డారట, శత్రువుల రైలొచ్చిందని. ఆ రైల్లో ఉన్నదెవరు? వడ్రంగులు, చెప్పులు కుట్టేవాళ్ళు, ముసలమ్మలు, చంటిపిల్లలు.

"పొద్దుమూకితే బయట నుంచి గడియ పెడుతుండె" అన్నాడు మిస్త్రీ. "పొద్దున తీసి వరసల నిలబెట్టి పేరు పేరు పిలుస్తుండె. హాజిర్ అనాలె. మా చెల్లె అందరికన్న గట్టిగ అంటుండె. బడి అనుకున్నది పిచ్చిది."

ఒక చలికాలం గడిచాక, ఇష్టమున్నవాళ్ళు చైనా వెళ్ళిపోవచ్చు, మద్రాసులో ఓడ సిద్ధంగా ఉందన్నారు. తండ్రి వెళ్తానన్నాడు. ఇంత అవమానం జరిగాక ఇక్కడెందుకని ఆయన వాదన. కొడుకు వెళ్ళనన్నాడు. నేను పుట్టింది ఇక్కడ, నా ఇల్లు, నా మిల్లు అక్కడున్నాయి, నేనెందుకు పోతాను అని ఈయన వాదన. చివరికి తండ్రి పిల్లను తీసుకుని ఓడకు బయల్దేరాడు. ఈయన కంచె దగ్గర నిలబడి, "నువ్వు పో, నేను ఎనక వస్తున్న" అని చెల్లెలికి చెప్పాడు.

ఆ పిల్ల నమ్మలేదు. తన చిన్న మగ్గు అన్న చేతిలో పెట్టింది. "నువ్వొచ్చేటప్పుడు పట్కరా" అంది. మగ్గు తనదైతే, అది ఇవ్వడానికైనా అన్న వస్తాడని ఏడేళ్ళ పిల్ల లెక్క.

ఏళ్ళ తర్వాత ఈయన్ని విడిచిపెట్టారు. ఊరికెళ్తే ఇల్లు, మిల్లు శత్రువు ఆస్తి కింద వేలమైపోయాయి. కొన్నది పక్కింటాయనే. అప్పట్నుంచి ఊరు దాటాలంటే ఠాణాలో చెప్పి వెళ్ళాలి, వచ్చి చెప్పాలి. చాలా ఏళ్ళు అంతే. ఆ రూలు ఎప్పుడో పోయింది, కానీ మనిషిలోంచి పోలేదు. చైనా నుంచి తండ్రి ఉత్తరం రాస్తే పోస్టుమాన్ తెచ్చేవాడు కాదు, పోలీసు తెచ్చేవాడు. ఠాణాలో కూర్చోబెట్టి లైను లైనుకూ అర్థమడిగేవాళ్ళు. మూడోసారికి మిస్త్రీ తండ్రికి జవాబు రాయించాడు, ఇక రాయొద్దని. తండ్రి మళ్ళీ రాయలేదు.

ఇంత చెప్పి, "యల్లా, పోదాం పా, ఆకలైతున్నది" అన్నాడు. ఆ ఏడాది నాకూ తెలుసు.

మా మేనమామ కల్లుగీత పని చేసేవాడు. గీతవాళ్ళను కూడగట్టి సంఘం పెట్టాడు. ఊళ్ళో బంజరు మీద పటేలుతో తగాదా పడ్డాడు. అదీ ఆయన కమ్యూనిజం. చైనా ఏ దిక్కునుందో ఆయనకు తెలియదు, తాటిచెట్టెక్కి చూసినా కనబడదు. యుద్ధం రాగానే పటేలు ఠాణాకు వెళ్ళి, వీడు చైనా మనిషి అని ఒక్క మాట చెప్పాడు. నడుముకు మోకుతోనే, చెట్టు కిందనుంచే తీసుకుపోయారు. నేను చిన్నవాణ్ణి. దుకాణంలో మాకు ఉప్పు కూడా ఇవ్వలేదు. బడికి పంపితే మిగతా పిల్లలు రాళ్ళేశారు. నేను బడి మానేసింది అప్పుడే. మామ తిరిగొచ్చేసరికి బంజరు చుట్టూ పటేలు కంచె ఉంది. తర్వాతి ఎలక్షన్లలో పటేలు మనుషులు డప్పు కొట్టించారు, సంఘపోళ్ళకు ఓటేస్తే చైనావాడు మీ ఇంటికొచ్చి గొడ్డును తోలుకుపోతాడని. మా అమ్మ కూడా నమ్మింది. కమ్యూనిస్టు పార్టీ కూడా ఆ గొడవల్లోనే రెండు ముక్కలైంది. ఎటు వెళ్ళాలో తెలియక మామ ఇంట్లో కూర్చున్నాడు, కూర్చునే పోయాడు.

సరిహద్దు మీద ఏం జరిగిందో నాకు తెలియదు. పెద్దవాళ్ళు పుస్తకాలు రాశారంటారు. ఊళ్ళో ఏం జరిగిందో తెలుసు. ఎక్కడో మంచుకొండల్లో ఉన్నవాడంటే భయం పుట్టించి, ఇక్కడ గిట్టనివాడి నోరు నొక్కారు. భయపడ్డది అందరూ, బాగుపడ్డది మా పటేలు, మిస్త్రీ పక్కింటాయన. ముప్పై ఏళ్ళ తర్వాత నా పాస్‌పోర్టు విచారణకు వచ్చిన కానిస్టేబుల్ కూడా మొదట అడిగింది, "ఫలానా ఆయన నీకేమవుతడు?" అని.

ఈ సంగతి చెబితే మిస్త్రీ నన్ను ఎగాదిగా చూశాడు. "అయితే నిన్ను గూడ చైనావాడన్నరా?" అన్నాడు. "ఈ మొకం పెట్టుకోని?" అని పడీ పడీ నవ్వాడు. ఆయన అంత నవ్వడం నేను ఇంకెప్పుడూ చూడలేదు. ఆ రోజు నుంచి మహబూబ్ నన్ను "సీనీ అన్నా" అనడం మొదలుపెట్టాడు.

మా పేటలో ఒక చైనా హోటల్ తెరిచారు. మిస్త్రీ ఆ ముందునుంచి నడిచేవాడు కాదు, రోడ్డు దాటి అవతలి పక్కన వెళ్ళేవాడు. కానీ హోటల్‌కు బల్లలు కావాలని దాని వంటవాడే మా దుకాణానికొచ్చాడు. నలభై ఏళ్ళ మనిషి, చైనా దక్షిణం వైపు వాడు, వచ్చీరాని అరబీ. మిస్త్రీని చూడగానే ముఖం విప్పుకుని తన భాషలో ఏదో అన్నాడు. మిస్త్రీ గుండెల మీద చెయ్యి పెట్టుకుని "అనా హిందీ" అన్నాడు. ఒక్క ముక్క రానట్టే నిలబడ్డాడు.

బల్లలు ఎక్కించేటప్పుడు ఒక బల్ల జారింది. వంటవాడి కాలు దాని కిందే ఉంది. మిస్త్రీ ఒక కేక వేశాడు. హిందీ కాదు, అరబీ కాదు. వంటవాడు ఎగిరి పక్కకు దూకాడు. బల్ల నేల మీద పడింది. తర్వాత ఇద్దరూ ఒకరినొకరు చూసుకుంటూ నిలబడిపోయారు. అది తండ్రి భాష. చిన్నప్పుడు మిల్లులో తండ్రి అట్లాగే అరిచేవాడట, జరుగు, జరుగు అని.

వంటవాడు మంచివాడు. ఇండియా నుంచి ఓడల్లో వచ్చినవాళ్ళను తమ వైపే సర్కారు తోటల్లో పెట్టారని అతనికి తెలుసు. పేర్లిస్తే వాకబు చేయిస్తానన్నాడు. మిస్త్రీ ఒప్పుకోలేదు. వారం రోజులు నేను వెంటపడ్డాను.

"ఎవరు పట్టుకుంటరు నిన్ను? ఇది ఖతర్. ఇక్కడ నీ గురించి ఎవనికి పట్టింది?"

"రేపు నేను ఇంటికి పోవాలె గద."

"చెల్లె ఉన్నదో లేదో గూడ తెల్వకుంట సస్తవా?"

అప్పుడు మెత్తబడ్డాడు. రెండు పేర్లు చెప్పాడు. చెల్లెలి పేరు చెప్పేటప్పుడు గొంతు దించాడు, గోడ అవతల ఎవరో వింటున్నట్టు.

చాలా నెలలు ఏ కబురూ లేదు. ఆ మధ్యలో అల్ రువైస్‌లో ఒక చేపలాయన ఇంటికి తలుపులు బిగించడానికి వెళ్ళాం. పని అయ్యాక రేవు దగ్గర కూర్చున్నాం. ఒక పడవ బయల్దేరుతోంది. అది కనుమరుగయ్యేదాకా మిస్త్రీ కదల్లేదు. "మద్రాసు దాకన్న పోయి ఓడ ఎక్కిస్త అని అడిగిన. పంపలే. ఓడ ఎంతుంటదో నాకు తెల్వదు" అన్నాడు.

రంజాన్‌కు ముందు వంటవాడు పరుగున దుకాణానికొచ్చాడు. చెల్లెలు ఉంది. టీ తోటలోనే పని. తండ్రి ఎప్పుడో పోయాడు. తోట ఆఫీసులో ఫోనుంది, ఫలానా శుక్రవారం ఆమెను అక్కడికి పిలిపిస్తారు.

చెల్లెలికి హిందీ ఏం గుర్తుంటుంది? మిస్త్రీకి తండ్రి భాషలో పది మాటలు కూడా మిగల్లేదు. అందుకని వంటవాణ్ణి అడిగి ఒక్క వాక్యం నేర్చుకున్నాడు. నీ మగ్గు నా దగ్గరే ఉంది. అంతే. రంద పడుతూ అదే అనుకునేవాడు. అన్నం కలుపుకుంటూ అదే. వినీ వినీ నాకూ, మహబూబ్‌కూ నోటికొచ్చేసింది. మహబూబ్ పికప్ నడుపుతూ పాటలాగా పాడేవాడు. మిస్త్రీ కసురుకునేవాడు, "గట్ల గాదు, చివర్ల ఎత్తాలె" అని.

ఆ శుక్రవారం ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. కింద నాతూర్ ముందు ఆగాడు. "చైనాకు ఫోన్ జేయనీకె పోతున్న. రెండు గంటల్ల వస్త" అన్నాడు. చైనా అన్న మాట అంత స్పష్టంగా ఆయన నోట నేను వినడం అదే మొదలు. నాతూర్ లేచి నిలబడి, రెండు చేతులూ పైకెత్తి దువా చేశాడు.

టెలిఫోన్ ఆఫీసులో అద్దాల డబ్బాలు. తలుపు మూసుకుని మాట్లాడాలి. మిస్త్రీ లోపలికి వెళ్ళి వెనక్కొచ్చాడు. "నువ్వు తలుపు పట్టుకోని నిలబడు" అన్నాడు. తలుపుకు కాలు అడ్డం పెట్టి నిలబడ్డాను. వంటవాడు ముందు మాట్లాడి, ఫోను ఆయన చేతికిచ్చాడు.

మిస్త్రీ ఆ వాక్యం అన్నాడు. చివర్లో ఎత్తి అన్నాడు. అవతల ఏమీ లేదు. గాలి హోరు. మళ్ళీ అన్నాడు. ఏమీ లేదు. ఆయన నావైపు చూశాడు, లైను తెగిందేమోనన్నట్టు.

అప్పుడు వినపడింది. నాకూ వినపడింది. నడివయసు ఆడమనిషి గొంతు, గట్టిగా, బళ్ళో పిల్ల అన్నట్టు, "హాజిర్!"

మిస్త్రీ ఫోనును రెండు చేతులతో చెవికి అదుముకున్నాడు. తర్వాత ఆమె ఏదేదో మాట్లాడుతూనే ఉంది, ఏడుస్తూనే ఉంది. ఈయనకు ఒక్క ముక్క అర్థం కావడం లేదు, ఊఁ ఊఁ అంటున్నాడు. వంటవాడు ఫోనుకు చెవి ఆనించి, వచ్చీరాని అరబీలో నాకు చెప్తే నేను హిందీలో ఆయనకు చెప్పాను. "ఎప్పుడొస్తవని అడుగుతున్నది." మిస్త్రీ ఫోన్లో హిందీలోనే అన్నాడు, "ఎనక వస్తున్న." ఆమెకు అర్థమైందో లేదో తెలియదు. అదే మాట కంచె దగ్గర కూడా విన్నది కాబట్టి అర్థమయ్యే ఉంటుందని నేననుకుంటాను.

పండగ తర్వాత మళ్ళీ ఫోనుకు రోజు కుదుర్చుకోవాలని వంటవాడు తోట ఆఫీసుకు చేశాడు. సాయంత్రం దుకాణానికొచ్చి తల వంచుకుని నిలబడ్డాడు. ఆమె ఇక ఫోన్ చేయొద్దందట. పరదేశం నుంచి ఎవరు చేశారని ఆఫీసులో ఎవరో అడిగారట. వాళ్ళు అక్కడికి వెళ్ళాక కూడా సుఖంగా లేరు. ఇక్కడ చైనా గూఢచారులన్నారు, అక్కడ ఇండియా గూఢచారులన్నారు. వాళ్ళ దేశంలో గొడవలైన రోజుల్లో తండ్రిని జనం మధ్య నిలబెట్టి అడిగారట, ఇండియాలో కొడుకునెందుకు వదిలి వచ్చావని. ఇప్పుడు ఆమె కొడుక్కి సర్కారు నౌకరీ వచ్చేలా ఉంది. ఆమెకు భయం.

మిస్త్రీ రంద ఆపలేదు. పొట్టు చుట్టలు చుట్టలుగా పడుతూనే ఉంది. "సరిగ్గనే చెప్పింది" అన్నాడు. "బాపుకు నేను గూడ గట్లనే చెప్పిన."

నాకు ఒళ్ళు మండింది. "ఇంకేం భయం మిస్త్రీ? మీ చైనాల ఇప్పుడు దుకాణాలే దుకాణాలంట. రష్యానే లేకుంట పోయింది. ఎవడున్నడు మిమ్ముల బెదిరియ్యనీకె?"

"ఎవడు లేడు" అన్నాడు. "భయం పెట్టినోళ్ళు పెట్టి పోయిండ్రు. కావలి మనం గాస్తున్నం."

తర్వాతి వేసవిలో వంటవాడు సెలవు మీద ఊరు వెళ్తూ వచ్చి అడిగాడు, ఏమైనా పంపుతావా, ఎవరికీ తెలియకుండా ఆమె చేతికిస్తాను అని. మిస్త్రీ మంచం కింద సంచి లాగి విప్పాడు. చిన్న మగ్గు తీశాడు. తుడిచాడు, పేపర్లో చుట్టాడు, వంటవాడి చేతిలో పెట్టాడు. వంటవాడు మెట్లు దిగుతుంటే వెనక పరుగెత్తి తిరిగి తీసుకొచ్చేశాడు.

"ఏంది మిస్త్రీ! పంపియ్యరాదు? ఆమెకు ఎంత సంబరమైతుండె!" అన్నాను.

"ఇది పంపిస్తే నేను పోవాల్సిన పని ఇగ ఏమున్నది?" అన్నాడు. సంచిలో పెట్టి ముడి వేశాడు.

తొంభైలు అయిపోవస్తుండగా చూపు తగ్గి, దోహా వదిలి వెళ్ళాడు. ఆ రోజు నాతూర్ ముందు నిలబడి, "పోతున్న, మళ్ళ రాను" అన్నాడు. ఆ ముసలాయన ఆయన్ని వాటేసుకుని వదల్లేదు. ఊరు చేరాక చైనా వీసాకు పెట్టుకుంటానన్నాడు. మహబూబ్ ఫోన్ చేసినప్పుడల్లా వచ్చే ఏడు పోతానని చెప్పేవాడు. ఈలోగా పాస్‌పోర్టు గడువు అయిపోయింది. కొత్తది కావాలంటే విచారణకు పోలీసు ఇంటికి రావాలి. వచ్చి, ఎక్కడికి పోతావని అడుగుతాడు. ఆయన చైనా అని చెప్పాలి. అప్లికేషన్ పెట్టలేదు. ఇక్కడ కూర్చుని నేను ఫోన్లో తిట్టాను, సిగ్గులేదా అన్నాను. ఆయన అటునుంచి, "వచ్చే ఏడు" అన్నాడు.

రెండు రోజులకు మహబూబ్ మళ్ళీ ఫోన్ చేశాడు.

"అన్నా, మట్టి చేసిండ్రంట. ఓనరు మంచోడే, అన్నీ ఆయనే చూసుకున్నడు. మంచం కింద సంచి ఉన్నదంట, ఏం జేయాల్నని అడుగుతున్నడు. దుప్పటున్నదంట, ఉప్పు పొట్లమున్నదంట. పారేయమందునా?"

"మగ్గులు?" అన్నాను.



"రెండున్నయంట" అన్నాడు.